దిగులు పాటకు సామాను

మీలో ఎవరైనా దిగులు మీద పాట తీయబోతుంటే సామాను కోసం నా దగ్గరికి రాకండి. నా దగ్గర పగిలిన అద్దం లేదు. ఉన్నా ఇవ్వను. ఆగిపోయిన గడియారం, ఖాళీ పంజరం, వాడిన గులాబీ, నల్ల గొడుగు ఇవన్నీ చెన్నైలో ఏ అద్దె సామాను గోడౌన్‌కి వెళ్లినా అటక మీద వరసగా ఉంటాయి. 'దిగులు పాట' అని ఒక్క మాట చెబితే చాలు, మీరు అడగకముందే దించి దుమ్ము దులిపి ఇస్తారు. నేనూ అలా ఎన్నోసార్లు దింపించుకున్నాను. ప్రేమ ఓడిన హీరోకి అద్దం, తల్లి పోయిన హీరోకి గడియారం. ముప్పైయెనిమిదేళ్లు ఆ పని చేసి, ఓపిక అయిపోయి, తమిళనాడులో దక్షిణాన ఉన్న మా ఊరు కోవిల్‌పట్టికి తిరిగొచ్చినవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది ఆ ముప్పైయెనిమిదేళ్ల గొప్పలు కాదు. రిటైరయ్యాక ఒప్పుకున్న ఒకే ఒక్క పని సంగతి.

సినిమాలో ప్రాపర్టీ మనిషి అంటే ఎవరో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. హీరో తాగే గ్లాసు, హీరోయిన్ చింపే ఉత్తరం, విలన్ కూర్చునే కుర్చీ తెచ్చిపెట్టేవాడు. నిన్న షాట్‌లో గ్లాసులో పాలు ఎక్కడిదాకా ఉన్నాయో ఇవాళ కూడా అక్కడిదాకానే పోసేవాడు. దాన్ని కంటిన్యూటీ అంటారు. అది తప్పితే తిట్లు తినేదీ వాడే. నాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాట అనేవాడు: "ఇంట్లో ఆడమనిషి ఎలా ఉందో తెలియాలంటే మొహం చూడకురా. మొహం అబద్ధం చెబుతుంది. వంటింటి గట్టు చూడు." ఆ మాట నాకు కంఠతా వచ్చు. నా కింద పనిచేసిన వాళ్లందరికీ అదే చెప్పాను. కంఠతా వచ్చి ఏం లాభమో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. మా ఇళ్లలో తెలుగు నోటి మాటే. గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది బడిలో కాదు, మద్రాసులో తెలుగు సినిమా యూనిట్ల సామాను జాబితాల్లో. నా మొదటి పాఠం 'ఇత్తడి చెంబు ఒకటి, నులక మంచం రెండు'. నేను నోరు తెరిస్తే ఆంధ్రా వాళ్లు "మీది ఏ కాలం నాటి తెలుగయ్యా" అని నవ్వేవాళ్లు. నవ్వనీ. ఆ జాబితాల పుణ్యాన్నే ఇవాళ ఇది రాస్తున్నాను.

ఆ అమ్మాయి మా ఇంటికి ఒక మంగళవారం పొద్దున వచ్చింది. ఇరవై ఆరో ఏడో ఉంటాయి. ఊరు విరుదునగర్ పక్కన. తల్లి తాయిల్‌పట్టిలో టపాసుల పనికి పోతుంది. వాళ్లింట్లోనూ మా తెలుగే. మదురైలో సినిమా చదువు చదివింది. నేను అరుగు మీద కుర్చీ వేసుకొని పేపరు చదువుకుంటుంటే చెప్పులు విప్పి ఎదురుగా నిలబడింది.

"తాతా, మీరు మెడ్రాసులో సామాను పెడతా ఉంటిరి గదా. ఒగ పాట తీస్తాండాము. డిప్రెషన్ గురించి. నాలుగు నిమిసాలు. ఒగ ఆడమనిసి, ఒగ రూము, అంతే. సామానంతా మీరే చూసుకోవాల."

"పాట ఎవరిదమ్మా?"

"రాసింది, పాడింది మా ఫ్రెండు. డైరెక్షన్ నాది."

ఊరికే కూర్చుని ఏడాదిన్నర అయింది. పేపరులో సంతాప ప్రకటనలు కూడా వదలకుండా చదివే స్థితికి వచ్చాను. అందుకని వెంటనే సరే అన్నాను. నా భార్య రెండు గ్లాసుల కాఫీ తెచ్చి గట్టు మీద పెట్టి, ఆ పిల్లను చూసి తలాడించి, లోపలికి వెళ్లిపోయింది.

రెండు రోజులు కూర్చుని జాబితా రాశాను. వరస సంఖ్యలు వేసి, పక్కన ఏది ఎక్కడ దొరుకుతుందో కూడా రాసి. నిలువుటద్దం, పగిలినది. గోడ గడియారం, ఆగినది. పంజరం, తలుపు తీసినది. ఆ అమ్మాయి చివరిదాకా మర్యాదగా విని తల గోక్కుంది.

"కోపం చేసుకోవద్దు తాతా. ఇవి చూస్తే డిప్రెషన్ అని అందరికీ తెలిసిపోతాది."

"తెలియాలనే గదా పెట్టేది?"

"చూసేటోళ్లకి తెలుస్తాది. ఆ దిగులు పడే మనిసికి మాత్రం, ఇది నా ఇల్లే అని అనిపించదు. ఆ మాదిరి ఇంట్లో పగిలినది ఏమీ ఉండదు తాతా. అన్నీ బాగానే ఉంటాయి. వాటి మింద చెయ్యి పడదు, అంతే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే అనుకున్నాను. ఎంతమంది డైరెక్టర్ల దగ్గర ఎన్ని అద్దాలు పగలగొట్టినవాణ్ణి. అయినా ఆ పిల్ల చెప్పిన తీరులో ఏదో ఉంది, పుస్తకంలో చదివి చెప్పినట్టు లేదు. "చదువుకునేటప్పుడు హాస్టల్లో ఒగ సంవత్సరం నేను అట్లనే పండుకోని ఉంటిని" అంది, ఏ ఊరికి ఏ బస్సు పోతుందో చెప్పినంత మామూలుగా. నేను జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాను.

అన్నీ బాగుండాలి, చేయి మాత్రం పడి ఉండకూడదు. అలాంటి సామాను ఏ అద్దె గోడౌన్‌లోనూ ఉండదు. అద్దె సామాను మీద వందమంది చేతులు పడి ఉంటాయి. ఎక్కడ వెతకాలా అని తల పట్టుకుని వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగుతుంటే గూట్లో దువ్వెన కనబడింది. చెక్క దువ్వెన, మంచిది. దాని పళ్ల మధ్య సాలీడు సన్నగా గూడు కట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నిజంగా అంటున్నాను, సంతోషం వేసింది. దువ్వెన మీద సాలీడు గూడు! ఏ ఆర్ట్ డైరెక్టర్‌కీ తట్టదు.

"ఇది షూటింగుకి తీసుకుపోనా?" అని అడిగాను.

నా భార్య గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. "ఎత్తుకోని పో. నాకేల అది" అంది.

అక్కడ మొదలైంది. వెతుక్కునే పనే లేకపోయింది. కావలసినవన్నీ మా ఇంట్లోనే దొరికాయి. మా అబ్బాయి తిరుప్పూర్ నుంచి తెచ్చిన కొత్త దుప్పటి, కవరు కూడా తీయనిది. మందారం మొక్క పెట్టిన కుండీ, మట్టి ఎండి అంచుల నుంచి విడిపోయింది. ఆమె కాఫీ గ్లాసు, అడుగున కాఫీ గట్టిపడి. ప్రార్థన పుస్తకం, గుర్తు పెట్టిన పేజీ దగ్గర ఎన్నాళ్లుగానో ఆగిపోయినది. చర్చికి ఎందుకు రావడం లేదంటే మోకాళ్ల నొప్పి అంది, నమ్మాను. ఆ పుస్తకం మీద మడిచి పెట్టిన కళ్లజోడు. రోజుకొకటి అడిగాను. రోజూ అదే జవాబు. "ఎత్తుకోని పో." కళ్లజోడు దగ్గర మాత్రం నాకే కొంచెం మొహమాటం వేసి, "చదువుకునేదానికి వద్దా?" అన్నాను. "చదివేది ఏముండాది" అంది.

నేనేం అనుకున్నానో దాచకుండా చెబుతాను. ఇన్నాళ్లకు నా పని మీద దీనికి గౌరవం కలిగింది అనుకున్నాను. పెళ్లయిన కొత్తలో నా పనిని 'కుండలు మోసేది' అనేది. ఇప్పుడు అడగ్గానే ఇస్తోంది. వయసు మీద పడ్డాక మనిషి మెత్తబడుతుంది, మంచిదే అనుకున్నాను. ఫోన్‌లో మా అబ్బాయికి కూడా చెప్పాను: "మీ అమ్మ ఎంత సాయం చేస్తాందిరా" అని. వాడు సంతోషపడ్డాడు.

షూటింగ్ విరుదునగర్‌లో. పాత వ్యాపారస్తుల ఇల్లు, కింద మిరపకాయల గోడౌన్, పైన పెద్ద గది. ఆ గదిలో కిటికీ వెలుతురు బాగుందని పట్టుబట్టి అదే తీసుకున్నారు. వెలుతురు బాగుంది కానీ కింద బస్తా కదిలించినప్పుడల్లా మిరప ఘాటు పైకి వచ్చేది. దిగులుగా గోడవైపు తిరిగి పడుకోవలసిన నటి షాట్ మధ్యలో తుమ్మేది. కెమెరా అబ్బాయి తుమ్మేవాడు. మొత్తం మీద మొదటి రోజంతా దిగులు కంటే తుమ్ములే ఎక్కువ తీశాం.

పాడిన అబ్బాయికి నా సామాను నచ్చలేదు. మంచివాడే, మాట మెత్తన, అయితే పాట తన బిడ్డ కదా. "ఈ గ్లాసులో, ఈ కళ్లజోడులో ఫీలింగ్ ఎక్కడుంది సార్? ఒక్క అద్దం పగలగొడదాం" అని నా చెవిలో జోరీగలాగా తిరిగాడు. ఆ అమ్మాయి వినలేదు. నేను సర్దిన గది మధ్యలో నిలబడి ఒక్కొక్క వస్తువూ చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. "బాగుంది తాతా" అని మాత్రం అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని మొహం బాగాలేదు. మిరప ఘాటేమో అనుకున్నాను.

రెండో రోజుకు నేనొక ఇత్తడి బిందె తెచ్చాను. గది మూలలో ఏదో వెలితిగా ఉందనిపించి, పొద్దున బయలుదేరేటప్పుడు అటక మీద నుంచి దించి, భుజాన పెట్టుకొని బస్సెక్కాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ ఆ బిందె కథ చెప్పాను. ప్రాపర్టీ వాళ్లకు అన్నం దగ్గర కథలు చెప్పే జబ్బు ఉంటుంది.

ఆ బిందె నా భార్య పుట్టింటివాళ్లు పెళ్లికి పెట్టినది. మెడ మీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. పెళ్లయిన మూడో ఏటో నాలుగో ఏటో, కయత్తారు పక్కన ఒక సినిమా తీస్తుంటే నేను సెలవులో ఇంట్లో ఉండి ఆ బిందె అడగకుండా పట్టుకుపోయాను. హీరోయిన్ నీళ్లు మోసే సీను. నాలుగో టేక్‌లో ఆ పిల్ల బిందె జారవిడిచింది. ఒక పక్క సొట్టపడింది. ఇంటికి తెస్తే నా భార్య సొట్ట మీద చేయి పెట్టి చూసి, నెల రోజులు నాతో మాట్లాడలేదు. వాళ్లన్నకు కబురు పంపింది. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని నన్ను పంచాయతీ పెట్టినట్టు అడిగాడు. ఆ రోజు నుంచి ఆమె వస్తువులున్న అటక నిచ్చెన కూడా నాకు కనబడకుండా దాచేది. నేను చెన్నై నుంచి వస్తే నా చేతుల వైపు చూసేది, ఏం ఎత్తుకుపోతానో అని. ఒక గరిటె అడిగినా "సినిమాకి నా ఇల్లే దొరికెనా" అని లేచేది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఈ దినం ఇదే బిందెను అడిగి తెచ్చినారా తాతా?"

"అడిగే తెచ్చినా."

"ఏమనె అవ్వ?"

"ఏమంటాది, ఎత్తుకోని పో అనె."

"దుప్పటికి?"

"అట్లనే."

"కండ్లద్దాలకి? ప్రార్థన పుస్తకానికి?" ముద్ద ఆకులో పెట్టేసింది. "ఇన్ని సామాన్లు తెస్తిరి గదా తాతా. ఒక్కదానికన్నా వద్దనెనా అవ్వ?"

దువ్వెన నుంచి బిందె దాకా వరసగా లెక్కపెట్టుకున్నాను. ఒక్కదానికీ అనలేదు. పది రోజులుగా ఒక్కొక్కటీ అడిగి తీసుకుని ఆ గదిలోకి మోసుకొచ్చింది నేనే. ఏది ఎక్కడ పెట్టాలో నా చేత్తో సర్దింది నేనే. లేవలేని మనిషి గది ఇదీ అని నలుగురికీ చూపించింది నేనే. ఆ మనిషి ఎవరని నేను మాత్రం అడగలేదు.

"ఇంట్లో ఎవరుండారు ఇప్పుడు?" అంది ఆ అమ్మాయి. అప్పటికే లేచి నిలబడింది.

ఆమె తప్ప ఎవరూ లేరు.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. చేయి కూడా కడుక్కోలేదు. ఆ అమ్మాయి షూటింగ్ ఆపేసి, పాడిన అబ్బాయి ఏదో అంటుంటే "నోరు ముయ్" అని నాతోపాటు కిందికి దిగి, రోడ్డు మీద పోతున్న కోవిల్‌పట్టి బస్సును చేయి చాపి ఆపి నన్ను ఎక్కించింది. బస్సులో గంట పైన పట్టింది. ఆ గంట గురించి నేను రాయలేను. దేవుణ్ణి అడిగాను, అంతే. ఏం అడిగానో కూడా గుర్తులేదు.

వీధి మలుపులో పక్కింటామె ఎదురొచ్చింది. చేతిలో ఒక సంచి. నా భార్య కంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది.

"బావా, మీకోసమే చూస్తాండా. పొద్దున మీరు పొయినాక అక్క పిలిచి రెండు పట్టుచీరలు నా చేతిలో పెట్టె. యాల అక్కా అంటే, కట్టుకో, నాకేల అనె. ఇవి యాల ఇచ్చెనో నాకు తెలియలే. భయమాయె. ఇంట్లో పని ముగించి వచ్చి, ఒగ గంటగా అక్క పక్కనే కూర్చోని, ఇప్పుడే మీకోసం బయటికి వస్తిని."

నేను లోపలికి పరుగెత్తాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. నేను పొద్దున వదిలి వెళ్లిన చోటే, అదే చీరలో. పక్కన మూత పెట్టిన అన్నం అలాగే ఉంది. ఫోన్ ఆమె కాళ్ల దగ్గరే ఉంది. తల ఎత్తి చూసింది.

"ఏమి, షూటింగు ముగిసెనా?" అంది.

నేను ఆమె పక్కనే కింద కూర్చున్నాను. ఆమె చేయి పట్టుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో పట్టపగలు, మనుషుల ముందు, నేను ఆమె చేయి పట్టుకోవడం అదే మొదలు. పక్కింటామె మొహం తిప్పుకుంది. ఆ చేయి వెనక్కీ తీసుకోలేదు, నా చేతినీ పట్టుకోలేదు. ఊరికే అలా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమెను విరుదునగర్ తీసుకెళ్లాను. అక్కడి పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికే ఒకప్పుడు ఆ అమ్మాయీ వెళ్లిందట. బస్టాండుకు వచ్చి ఎదురుచూస్తోంది. నా భార్య దాన్ని చూసి, "నీ పాట నిలిపిపెట్టితివా నా వల్ల?" అంది. "పాట యాడికి పోతాది అవ్వా" అని ఆ పిల్ల ఆమె సంచి అందుకుంది.

డాక్టరు కుర్రవాడు. తమిళంలో నెమ్మదిగా అడిగాడు. ముందు నన్ను బయట కూర్చోమన్నాడు. అరగంట పైన కూర్చున్నాను. లోపల ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. ఇప్పటికీ అడగలేదు. మళ్లీ పిలిచి, కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దని, మాత్రలు నా చేతిలోనే ఉండాలని చెప్పాడు. తరువాత కాగితం మీద రాసుకుంటూ, "నిద్ర పట్టకపోవడం, తినాలనిపించకపోవడం ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు.

"రెండు మూడు నెలలుంటుంది సార్" అన్నాను నేను.

"ఈ మనిషి ఊరికి వచ్చేసినప్పటి నుంచి" అంది నా భార్య.

కోపంగా అనలేదు. తేదీ చెప్పినట్టు చెప్పింది. డాక్టరు కలం ఆపి నా వైపు చూశాడు. సగం గ్లాసు పాలు ఎక్కడిదాకా ఉండాలో ముప్పైయెనిమిదేళ్లు తప్పకుండా చెప్పినవాణ్ణి, నా భార్య ఎప్పుడు నిద్ర మానేసిందో ఏడాదికి పైగా తేడాతో చెప్పాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంతవరకు చెప్పలేదు. దాచి కాదు, ఇది కథలో భాగమని నాకే తట్టలేదు. మా వైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల నుంచి అట్టలు తెచ్చుకొని ఇళ్లలో పెట్టెలు అంటించే పని ఆడవాళ్లకు ఉండేది. ఇప్పుడు మిషన్లు వచ్చి చాలావరకు పోయింది కానీ, నేను రిటైరైనప్పుడు మా వీధిలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. మా అరుగు మీదే ఐదారుగురు కూర్చునేవాళ్లు. నేను చెన్నైలో ఉన్నన్నాళ్లూ ఆమె ఇల్లు నడిపింది అలాగే. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా చేతులు ఒకవైపు, నోళ్లు ఒకవైపు. పక్కింటామె కాన్పు, ఎదురింటి అత్తాకోడళ్ల తగువు, చర్చి పాటలు, అన్నీ ఆ బంక గిన్నె చుట్టూనే. నేను వచ్చిన మొదటి వారంలోనే, "ఇంక చాలు, నేను వచ్చేశాను కదా, ఆ బంక చేతులు కడుక్కో" అని పని మాన్పించాను. పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. మిగతావాళ్లు మాత్రం రావచ్చు కదా అంటారేమో. అరుగు మీద నేను కుర్చీ వేసుకొని పేపరు చదువుతుంటే ఏ ఆడమనిషి వచ్చి కూర్చుంటుంది? మగవాడు కూర్చున్న అరుగు ఎక్కడం మా వీధుల్లో లేదు. వాళ్లు నెమ్మదిగా వెనక వీధిలో ఇంకొకరి అరుగుకు మారిపోయారు. నా భార్య నాకు కాఫీ పెట్టడానికి ఇంట్లో ఉండిపోయింది. ఇంత జరిగితే నాకు కనబడింది ఏమిటంటే, అరుగు శుభ్రంగా ఉంది, బంక మరకలు లేవు.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఎవరు కలిసినా అదే అడుగుతారు. ఆమె మాత్రలు వేసుకుంటోంది. సినిమాలో లాగా ఒక పొద్దున లేచి కిటికీ తెరిచి నవ్వలేదు. రెండు వారాలు బాగుంటే ఒక వారం మళ్లీ గోడవైపు తిరిగేది. నేను వంట నేర్చుకున్నాను, చెడ్డగా. కుర్చీ పెరట్లోకి మార్చుకున్నాను. పెట్టెల పని ఇంచుమించు పోయింది కానీ సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు ఊరికే వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. నేను అటు వెళ్లను. వాళ్ల మాటలు వినబడతాయి, ఒక్కోరోజు వాటిలో ఆమె గొంతు కూడా ఉంటుంది.

ఆ పాట కూడా వచ్చింది. నా భార్య వస్తువులు ఒక్కటి కూడా అందులో లేవు. ఆ అమ్మాయి వాటన్నిటినీ మర్నాడే ఆటోలో పంపించేసింది. రెండు రోజులు తీసింది మొత్తం పక్కన పడేసి మళ్లీ తీశారు. ఈసారి నేను వెళ్లలేదు. చివరికి పాడిన అబ్బాయి మాటే నెగ్గి, పాట మధ్యలో అద్దం పగిలింది. దాని కింద జనం 'కన్నీళ్లు వచ్చాయి' అని రాశారు. రానివ్వండి. ఆ అమ్మాయి ఫోన్ చేసి "అద్దం పెట్టేసినాను తాతా, తిట్టండి" అంది. తిట్టలేదు. నాకు తిట్టే ఓపికా లేదు, అర్హతా లేదు.

ఈ పని నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు వస్తుంటారు, ఏ భావానికి ఏ వస్తువు పెట్టాలి తాతా అని. నాకు తెలియదని చెప్పి పంపేస్తాను. వినయం అనుకుంటారు. కాదు, నిజంగానే తెలియదు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన ఆ మొదటి రోజు సంగతి ఒకటి మిగిలింది. మధ్యాహ్నం బస్సు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. సాత్తూరులో బస్సు ఆగితే దోసకాయలు అమ్మేవాళ్లు కిటికీల దగ్గరికి వచ్చారు. ఒక పొట్లం కొని ఇచ్చాను. తినలేదు, ఒళ్లో పెట్టుకుంది. డాక్టరు ముందు ఆమె అన్న మాట నన్ను వదల్లేదు. ఊరు దాటాక, చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాకుండా మా తెలుగులో అడిగాను.

"అంత కస్టంగా ఉంటే నాతో ఒగ మాట చెప్పగూడదా?"

ఆమె ఒళ్లోని పొట్లం విప్పి మళ్లీ మడిచింది. బయట ఎండిన చేలు పోతున్నాయి. తరువాత నా వైపు తిరగకుండానే అంది:

"ఎట్ల చెప్పేది? ముప్పైయెనిమిది ఏండ్లు ఆడనే పడి ఉండి, పెట్టె ఎత్తుకోని ఇంటికి వస్తివి. ఇంక నిన్ను విడిచి యాడికీ పోను అంటివి. నీ మొగం అంత సంతోసంగా నేను ఎప్పుడూ చూసిందే లేదు. ఆ మొగం ముందర నిలబడి, నువ్వు వచ్చింది నాకు బాగలేదని ఎట్లయ్యా చెప్పేది?"